విద్యార్థులు, యువ వాస్తుశిల్పులు: అంతర్జాతీయ డిజైన్ పోటీలు

పరిచయం

ఒక పెద్ద ప్రజా భవనాన్ని ఎవరు డిజైన్ చేయాలి? సాధారణంగా కట్టించేవారు తమకు తెలిసిన వాస్తుశిల్పిని పిలుస్తారు, లేదా పేరున్న సంస్థకు పని అప్పగిస్తారు. ఈ పద్ధతిలో ఇంకా చదువుకుంటున్నవారికి, నిన్నగాక మొన్న పట్టా తీసుకున్నవారికి చోటు దొరకడం చాలా కష్టం. అనుభవం లేదని పని ఇవ్వరు. పని ఇవ్వనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడిని విప్పే మార్గాల్లో ఒకటి డిజైన్ పోటీ.

ఈ పాఠంలో వాస్తుశిల్పం అనే మాటను ఆర్కిటెక్చర్ అనే అర్థంలో వాడుతున్నాం. ఇంటి ద్వారం ఏ దిక్కున ఉండాలో చెప్పే వాస్తుతో దీనికి సంబంధం లేదు. పాఠం చదివిన తరువాత ఒక పోటీ ప్రకటన మీ చేతికి వస్తే అది ఏ రకం పోటీ, అందులో కొత్తవారికి నిజంగా అవకాశం ఉందా, దాని మీద పెట్టే సమయం, డబ్బు తగినవేనా అన్న విషయాలను మీరే తేల్చుకోగలగాలి. మీలో అందరూ వాస్తుశిల్ప విద్యార్థులు కాకపోవచ్చు. లోగో పోటీకైనా, పోస్టర్ పోటీకైనా ఇక్కడ చెప్పే నియమాల్లో చాలావరకు వర్తిస్తాయి.

1. 1026వ నంబరు ఎంట్రీ

మొదట ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. ఇది అమెరికా పౌరులకు మాత్రమే పరిమితమైన పోటీ కాబట్టి, ఖచ్చితంగా చెప్పాలంటే అంతర్జాతీయ పోటీ కాదు. అయినా ఒక విద్యార్థికి డిజైన్ పోటీ ఏమి చేయగలదో దీనికన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి లేదు.

వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులకు వాషింగ్టన్ నగరంలో స్మారకం కట్టాలని, ఆ యుద్ధంలో పాల్గొన్న జాన్ స్క్రగ్స్ అనే మాజీ సైనికుడు పూనుకున్నారు. 1979లో ఇందుకోసం ఒక నిధి ఏర్పడింది. డిజైన్‌ను బహిరంగ పోటీ ద్వారా ఎంచుకోవాలని నిర్ణయించారు. 18 ఏళ్లు నిండిన ఏ పౌరుడైనా పాల్గొనవచ్చు. వాస్తుశిల్పి కానక్కరలేదు. షరతులు నాలుగే: స్మారకం చూసేవారిని ఆలోచింపజేసేదిగా ఉండాలి, చుట్టూ ఉన్న పరిసరాలతో కలిసిపోవాలి, చనిపోయినవారి, ఆచూకీ తెలియనివారి పేర్లన్నీ అందులో ఉండాలి, యుద్ధం తప్పా ఒప్పా అన్న రాజకీయ వ్యాఖ్య ఉండకూడదు.

మొత్తం 1,421 ఎంట్రీలు వచ్చాయి. వాటిని పరచి చూపించడానికి మామూలు హాలు చాలక, ఒక వైమానిక స్థావరంలో విమానాలు నిలిపే షెడ్డులో ప్రదర్శించారు. ఏ పటం మీదా పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. 1981 ఏప్రిల్ చివరి వారంలో ఎనిమిది మంది న్యాయనిర్ణేతలు వాటిని చూడడం మొదలుపెట్టారు. ఇద్దరు వాస్తుశిల్పులు, ఇద్దరు ఉద్యాన రూపకర్తలు, ముగ్గురు శిల్పులు, ఒక రచయిత. తొలి వడపోతలో 232 మిగిలాయి, తరువాత 39, చివరికి ఒకటి. అందరూ ఏకగ్రీవంగా ఎంచుకున్నది 1026వ నంబరు ఎంట్రీని.

కవరు తెరిచి చూస్తే అది యేల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న 21 ఏళ్ల మాయా లిన్‌ది. తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చి స్థిరపడినవారు. స్మశాన, స్మారక నిర్మాణాలపై నడిచిన ఒక తరగతిలో అభ్యాసంగా ఆమె ఈ డిజైన్ తయారుచేశారు. ఆ తరగతిలో దానికి వచ్చిన గ్రేడు 'బి'.

డిజైన్ ఎంత సరళమో గమనించండి. పచ్చిక మైదానంలో నేలను ఏటవాలుగా తొలిచి, రెండు నల్లరాతి గోడలను ఒక కోణంలో కలిపారు. ఒక గోడ లింకన్ స్మారకం వైపు, మరొకటి వాషింగ్టన్ స్తంభం వైపు చూస్తాయి. ఒక్కో గోడ పొడవు సుమారు 247 అడుగులు. రెండూ కలిసే చోట ఎత్తు 10 అడుగులు. అక్కడి నుంచి చివరలకు వెళ్లేకొద్దీ తగ్గుతూ నేలలో కలిసిపోతాయి. విగ్రహం లేదు, జెండా లేదు. పేర్లు మాత్రమే ఉన్నాయి.

ఆ పేర్లు అక్షరక్రమంలో కాకుండా చనిపోయిన తేదీల క్రమంలో ఉన్నాయి. అక్షరక్రమంలో ఉంటే వెతకడం సులువని కొందరు మాజీ సైనికులు అన్నారు. కానీ స్మిత్ అనే ఇంటిపేరువారే వందల మంది. అక్షరక్రమంలో పెడితే గోడ టెలిఫోన్ డైరెక్టరీలా తయారయ్యేది. తేదీల క్రమంలో పెట్టడం వల్ల ఒకే రోజు కలిసి పోరాడి కలిసి పోయినవారి పేర్లు పక్కపక్కనే వచ్చాయి. మొదటి పేర్లు, చివరి పేర్లు గోడలు కలిసే మూల దగ్గరే ఉండడంతో యుద్ధం మొదలైన చోటే ముగిసినట్లు అవుతుంది.

ఆ నల్లరాయి మన దగ్గరిదే. బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లిన గ్రానైటు అది. కెనడా, స్వీడన్ దేశాల్లో కూడా ఇలాంటి రాయి దొరుకుతుంది కానీ, యుద్ధానికి వెళ్లడం ఇష్టంలేని అమెరికా యువకులు పారిపోయి తలదాచుకున్న దేశాలవి కాబట్టి వద్దనుకున్నారని చెబుతారు. అద్దంలా మెరుగుపెట్టిన ఆ రాతిలో, పేరు చదువుతున్న మనిషికి తన ముఖం కూడా కనిపిస్తుంది.

ఫలితం ప్రకటించాక పెద్ద గొడవే జరిగింది. నల్లగోడ అవమానానికి గుర్తు అన్నారు. ఆమె వయసును, జాతిని కూడా వదల్లేదు. అప్పటి అంతరంగిక వ్యవహారాల మంత్రి జేమ్స్ వాట్ నిర్మాణ అనుమతిని ఆపి ఉంచారు. చివరికి సైనికుల విగ్రహం ఒకటి కూడా పెట్టడానికి రాజీ కుదిరింది. గోడ 1982 నవంబరులో ప్రారంభమైంది. కొంత దూరంలో ముగ్గురు సైనికుల కాంస్య విగ్రహాన్ని 1984లో నిలిపారు. దాన్ని చెక్కిన ఫ్రెడరిక్ హార్ట్ అదే పోటీలో మూడో స్థానం పొందిన బృందంలోని వ్యక్తి. పోటీలో ఓడిన ఆలోచన పక్కదారిన లోపలికి వచ్చిందన్నమాట.

తన పేరు ముందే తెలిసి ఉంటే తనను ఎంపిక చేసేవారా అన్న సందేహాన్ని మాయా లిన్ తరువాత వ్యక్తం చేశారు. ఆ సందేహంలో పోటీ పద్ధతి అసలు బలం ఉంది. ఇతర ఎంపిక పద్ధతులన్నిటిలో ముందు మనిషిని చూస్తారు, తరువాత పనిని చూస్తారు. అజ్ఞాత పోటీలో ఆ వరుస తారుమారవుతుంది.

2. పోటీ నడిచే తీరు

అంతర్జాతీయ స్థాయిలో ఈ పోటీలకు ఒక ప్రామాణిక నియమావళి ఉంది. 1948లో ఏర్పడిన అంతర్జాతీయ వాస్తుశిల్పుల సమాఖ్య ఈ విషయంలో పనిచేస్తోంది. యునెస్కో 1956లో సిఫారసులు ఆమోదించి, 1978లో వాటిని సవరించింది. వాటిలోని ముఖ్యాంశాలను ఇలా చెప్పుకోవచ్చు. ఎంట్రీలు అజ్ఞాతంగా ఉండాలి. జ్యూరీ సభ్యుల పేర్లు ముందే ప్రకటించాలి. వారిలో ఎక్కువమంది వాస్తుశిల్పులై ఉండాలి. జ్యూరీ సంఖ్య బేసిగా ఉండాలి. ఫలితం తరువాత ఎంట్రీలను ప్రదర్శించాలి. డిజైన్ మీద హక్కు దాన్ని తయారుచేసినవారిదే. వియత్నాం స్మారకం జ్యూరీలో ఎనిమిది మంది, అంటే సరిసంఖ్య. తీర్పు ఏకగ్రీవం కావడంతో చిక్కు రాలేదు.

మన దేశంలో వాస్తుశిల్ప మండలి కూడా పోటీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంకో విషయం. 1972 నాటి వాస్తుశిల్పుల చట్టం ప్రకారం మండలిలో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అనే హోదాను వాడుకోవాలి. అందువల్ల విద్యార్థి గెలిచిన డిజైన్ నిజంగా కట్టాల్సి వస్తే అర్హత ఉన్న సంస్థ పక్కన ఉండాలి. మాయా లిన్ విషయంలోనూ వాషింగ్టన్‌కు చెందిన ఒక వాస్తుశిల్ప సంస్థ నిర్మాణ బాధ్యత తీసుకుంది.

పోటీకి ప్రాణం బ్రీఫ్. ఏ స్థలం, ఏ అవసరాలు, ఎంత విస్తీర్ణం, ఎన్ని పటాలు, ఏ స్కేలులో అన్నవి చెప్పే పత్రమే బ్రీఫ్. కొత్తవారు దీన్ని పైపైన చదివి బొమ్మ గీయడానికి తొందరపడతారు. వియత్నాం స్మారకం బ్రీఫ్‌లో నాలుగే షరతులు ఉన్నాయని చూశాం. 'పరిసరాలతో కలిసిపోవాలి' అన్న షరతును ఆ మైదానంలో కొత్త స్తంభం నిలబెట్టినవారికన్నా, నేలలోకి దిగినవారే బాగా అర్థం చేసుకున్నారు.

బ్రీఫ్‌ను లోతుగా చదివితే అందులో అడగనిది కూడా కనిపిస్తుంది. పారిస్‌లోని పాంపిడూ కేంద్రం ఇందుకు ఉదాహరణ. 1971లో జరిగిన ఈ అంతర్జాతీయ పోటీకి 681 ఎంట్రీలు వచ్చాయి. జ్యూరీకి జాన్ ప్రూవే అధ్యక్షులు. గెలిచినవారు ఇటలీకి చెందిన రెంజో పియానో, బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ రోజర్స్, వారి సహచరులు. అప్పటికి పియానో వయసు 33, రోజర్స్ వయసు 37. ఈ రంగంలో నలభై దాటనివారు యువకుల కిందే లెక్క. పోటీకి వెళ్లడమే రోజర్స్‌కు మొదట ఇష్టం లేదు. ఇచ్చిన స్థలమంతా భవనంతో నింపకుండా వారు దాదాపు సగాన్ని జనం తిరిగే బహిరంగ చావడిగా వదిలేశారు. లిఫ్టులు, గొట్టాలు, మెట్లు బయటకు తెచ్చి లోపలి అంతస్తులను ఖాళీగా ఉంచారు. 1977లో తెరిచినప్పుడు చమురు శుద్ధి కర్మాగారంలా ఉందని వెక్కిరించినవారు చాలామంది. ఈనాడు ఆ చావడి లేని పారిస్‌ను ఊహించలేం.

జ్యూరీకి ఉండే సమయాన్ని కూడా లెక్కవేసి చూడండి. 1,421 పటాలను ఒక్కోదాన్ని ఒక్క నిమిషం చూసినా దాదాపు 24 గంటలు పడుతుంది. అంటే రోజుకు 8 గంటల చొప్పున మూడు పనిదినాలు. తొలి వడపోతలో మీ నెలల శ్రమకు దక్కేది ఆ నిమిషమే. పటంలో పది ఆలోచనలు ఇరికిస్తే ఆ నిమిషంలో ఒక్కటీ అందదు.

ఇక రాత సంగతి. మాయా లిన్ పంపినవి మెత్తని రంగు సుద్దలతో వేసిన, వివరాలు తక్కువగా ఉన్న బొమ్మలు. వాటితో పాటు ఒక పేజీ వివరణ రాశారు. నేల మీద నడుస్తూ వెళ్లే మనిషికి ఏమి ఎదురవుతుందో వరుసగా చెప్పే వివరణ అది. బొమ్మలో అందని విషయాన్ని జ్యూరీకి అందించింది ఆ రాతే. అంతర్జాతీయ పోటీలు చాలావరకు ఇంగ్లీషులో నడుస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇక్కడే వెనకడుగు వేస్తారు. నిజానికి జ్యూరీలో కూడా చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. ముందు తెలుగులో స్పష్టంగా రాసుకుని, తరువాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకున్న వివరణ, బరువైన పదాలతో నింపిన వివరణకన్నా బాగా పనిచేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
అ) వియత్నాం స్మారకం బ్రీఫ్‌లోని నాలుగు షరతుల్లో ఒక్కోదానికి మాయా లిన్ డిజైన్ ఎలా జవాబిచ్చిందో రెండేసి వాక్యాల్లో రాయండి.
ఆ) ఎంట్రీలు అజ్ఞాతంగా లేకపోతే ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

3. అన్ని పోటీలూ ఒకటి కావు

కట్టడానికి పెట్టే పోటీ వేరు, ఆలోచనల కోసం పెట్టే పోటీ వేరు. పాంపిడూ మొదటి రకం. జపాన్‌లో షింకెంచికు పత్రిక 1965 నుంచి నడిపిన నివాస గృహ పోటీ రెండో రకం. అక్కడ ఇల్లు కట్టరు, ఇల్లంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు అడుగుతారు. దానికి సాధారణంగా న్యాయనిర్ణేత ఒక్కరే. 1975లో అరాటా ఇసోజాకి ఒక సూపర్‌స్టార్‌కు ఇల్లు అన్న అంశం ఇచ్చారు. ఒకే వ్యక్తి తీర్పు కాబట్టి ఆ వ్యక్తి అభిరుచి తెలుసుకోవడం ఇక్కడ మోసం కిందకు రాదు, సన్నద్ధత కిందకే వస్తుంది.

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం పేరుతో 1998లో మొదలైన బహుమతి వీటికి భిన్నమైనది. ప్రపంచంలో ఎక్కడైనా వాస్తుశిల్ప డిగ్రీ చదువుతున్నవారి కోసం పెట్టిన ఈ పోటీలో ప్రధానంగా చూసేది వ్యాసాన్ని. భవనాలు సమాజానికి ఎలా ఉపయోగపడాలన్నదే దాని విషయం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేని విద్యార్థికి ఇలాంటివి ఎక్కువ అనుకూలం.

ఐరోపాలో యూరోపాన్ అనే పోటీ రెండేళ్లకొకసారి జరుగుతుంది. 1980ల చివర్లో మొదలైంది. వయోపరిమితి 40 ఏళ్లు. పట్టణాలు తమ నిజమైన స్థలాలను ఇస్తాయి, గెలిచినవారికి అక్కడ పని అప్పగించేందుకు ప్రయత్నం జరుగుతుంది. పేరున్నవారిని వయోపరిమితే బయట ఉంచుతుంది కాబట్టి యువకులు యువకులతోనే తలపడతారు.

చివరిది ఆహ్వానిత పోటీ. ఎంపిక చేసిన కొద్దిమందినే పిలుస్తారు. అమరావతి ప్రభుత్వ సముదాయం కోసం 2015-16లో జరిగింది ఇదే. జపాన్‌కు చెందిన ఫుమిహికో మాకి సంస్థ, బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ రోజర్స్ సంస్థ, అహ్మదాబాద్‌లోని బాలకృష్ణ దోషి సంస్థ పోటీపడ్డాయి. 2016 మార్చిలో మాకి సంస్థను ఎంపిక చేశారు. కానీ పని వారితో ముందుకు సాగలేదు, తరువాత లండన్‌లోని ఫాస్టర్ సంస్థకు వెళ్లింది. పాంపిడూ పోటీలో చిన్నవాడిగా గెలిచిన రోజర్స్ ఇక్కడ ఆహ్వానితుల్లో ఒకరు. విజయవాడలోనో గుంటూరులోనో చదువుతున్న ఒక విద్యార్థికి, సొంత రాజధాని పోటీ అయినా, ఇందులో తలుపు లేదు. ప్రధాన భవనాలకు అనుభవం అవసరమే. కానీ ఒక చిన్న ఉద్యానానికో, బస్సు ఆగే చోటుకో బహిరంగ పోటీ పెట్టి ఉంటే బాగుండేదని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

4. గెలుపు తరువాత

గెలిచిన డిజైన్ కడతారన్న హామీ లేదు. జహా హదీద్ 1983లో హాంకాంగ్ కొండ మీద ఒక క్లబ్బు భవనం కోసం జరిగిన 'ద పీక్' అంతర్జాతీయ పోటీలో గెలిచారు. బాగ్దాద్‌లో పుట్టి లండన్‌లో చదివిన ఆమె వయసు అప్పటికి 32. పక్కన పడేసిన ఎంట్రీల్లోంచి ఆమె పటాలను బయటకు తీసింది జ్యూరీ సభ్యుడైన ఇసోజాకి అని చెబుతారు. ఆ క్లబ్బు కట్టనేలేదు. ఆమె పేరు తెచ్చిన తొలి నిర్మాణం జర్మనీలోని విట్రా అగ్నిమాపక కేంద్రం 1993లో పూర్తయింది. మధ్యలో పదేళ్లు. 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. కట్టని పీక్ పటాలే ఆమెను ప్రపంచానికి పరిచయం చేశాయన్నది నిజం. అలాంటి పదేళ్లు తట్టుకోలేక ఆగిపోయినవారి పేర్లు మనకు తెలియవన్నదీ నిజమే.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో గగన్‌హైమ్ మ్యూజియం కోసం 2014లో జరిగిన పోటీ ఇంకా పెద్దది. అజ్ఞాతం, బహిరంగం, రెండు దశలు. 1,715 ఎంట్రీలు వచ్చాయి. ఆరు తుది దశకు చేరాయి. 2015లో మోరో కుసునోకి అనే పారిస్‌లోని చిన్న సంస్థ గెలిచి లక్ష యూరోలు పొందింది. మిగతా ఐదుగురికి 55 వేల యూరోల చొప్పున ఇచ్చారు. 2016 చివర్లో హెల్సింకి నగర మండలి ఓటింగులో ప్రాజెక్టును తిరస్కరించింది. మ్యూజియం లేదు.

ఇప్పుడు మరో లెక్క వేయండి. 1,715లో డబ్బు అందింది ఆరుగురికి, అంటే సుమారు 286 మందిలో ఒకరికి. ఒక్కో ఎంట్రీకి తక్కువలో తక్కువ 100 గంటలు పట్టిందనుకుందాం. మొత్తం 1,71,500 గంటలు. ఏడాదికి 2,000 గంటలు పనిచేసే మనిషికి ఇది 85 ఏళ్లకు పైబడిన పని. దీనిలో దాదాపు అంతా జీతంలేని పనే. పెద్ద సంస్థలు ఈ నష్టాన్ని ఇతర పనుల ఆదాయంతో పూడ్చుకుంటాయి. విద్యార్థి పూడ్చుకునేది నిద్రతో, పరీక్షల మార్కులతో. అజ్ఞాతం పేరును దాస్తుంది, కానీ స్తోమతలోని తేడాను దాచలేదు. మంచి కంప్యూటరు, రంగు ప్రింట్లు, మూడు వారాల తీరిక ఉన్నవారి పటం మెరుస్తూనే ఉంటుంది.

5. చేరే ముందు చూడవలసినవి

ప్రైవేటు నిర్వాహకులు నడిపే ఆలోచనల పోటీలు ఇప్పుడు ఏడాది పొడవునా వస్తున్నాయి. చాలావాటికి ప్రవేశ రుసుము ఉంటుంది, గడువు దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది. ఒక పోటీకి 60 డాలర్ల రుసుము, 500 ఎంట్రీలు అనుకోండి. వసూలు 30,000 డాలర్లు. బహుమతుల మొత్తం 5,000 అయితే, ఆ పోటీ ప్రధానంగా ఎవరి కోసం నడుస్తోందో మీకే అర్థమవుతుంది. రుసుము ఉన్నంత మాత్రాన మోసమని కాదు. ఆ లెక్క వేయకుండా చేరడం మాత్రం పొరపాటు.

జ్యూరీ పేర్లు ప్రకటనలో ఉన్నాయా లేదా 'ప్రముఖులు' అని మాత్రమే రాశారా చూడండి. పేర్లు లేకపోతే ఆగండి. గత సంవత్సరాల విజేతల పటాలు చూపిస్తున్నారా అన్నదీ ముఖ్యమే. చూపించని పోటీ నుంచి ఓడినవారు నేర్చుకునేది ఏమీ ఉండదు. నిజానికి చాలామందికి దక్కే లాభం ఆ నేర్చుకోవడమే. హక్కుల గురించిన వాక్యాన్ని రెండుసార్లు చదవండి. ప్రచురణకు అనుమతి అడగడం మామూలే. పంపిన ఎంట్రీలన్నిటి మీద పూర్తి హక్కు నిర్వాహకులదే అని ఉంటే, గెలవకపోయినా మీ ఆలోచనను వారు వాడుకోవచ్చని అర్థం. సందేహాలు అడగడానికి గడువు ఇస్తారు. ఆ ప్రశ్నలు, జవాబులు పాల్గొనేవారందరికీ అందుతాయి, వాటిని చదవకుండా డిజైన్ ముగించవద్దు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. ఒకరు పటం, ఒకరు నమూనా, ఒకరు రాత చూసుకోవచ్చు. ఎవరి పేరు ఏ వరుసలో రావాలో, బహుమతి వస్తే ఎలా పంచుకోవాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. గెలిచాక ఆ మాట ఎత్తడం కష్టం.

పూర్వం పటం వెనుక అతికించిన కవరులో పేరు ఉండేది. ఇప్పుడు పటాలు ఫైళ్లుగా వెళ్తున్నాయి. పటం మీద పేరు రాయకపోయినా, ఫైలు పేరులో మీ పేరు ఉండిపోవచ్చు. పీడీఎఫ్ ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు దగ్గర మీ పేరో, మీ కాలేజీ కంప్యూటరు పేరో కనిపించవచ్చు. అజ్ఞాత నియమం ఉన్న పోటీలో ఆ ఒక్క కారణంతో ఎంట్రీని పక్కన పెట్టవచ్చు. పంపే ముందు ఆ ఫైలును వేరే కంప్యూటరులో తెరిచి ఒకసారి చూడండి.